నాడి లయ తప్పితే పక్షవాతం ముప్పు

పెద్ద వయసులో గుండె దడను తేలికగా తీసుకోరాదు
మాత్ర మధ్యలో మానితే ప్రమాదం

హవేలిఘనపూర్: నిన్నటి వరకు పొలం గట్టున తిరిగిన వృద్ధుడికి తెల్లవారేసరికి కుడి చేయి లేవదు. నోరు ఒక పక్కకు వంకరపోతుంది. మాట ముద్దగా వస్తుంది. గాలి సోకిందని కొందరు, పక్షవాతమని మరికొందరు అంటారు. పసరు మందు పోసే ఊరి పేరు ఎవరో ఒకరు చెబుతారు. వాహనం మాట్లాడుకుని ఆస్పత్రికి కాక ఆ ఊరికే బయలుదేరే కుటుంబాలు మెతుకు సీమ పల్లెల్లో నేటికీ ఉన్నాయి. ఆ వృద్ధుడికి అంతకుముందు కొన్ని నెలలుగా అప్పుడప్పుడు గుండె దడగా ఉండేదన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. వచ్చినా, కాలు చేయి పడిపోవడానికి, గుండె దడకు సంబంధం ఏమిటన్న ప్రశ్న ఎదురవుతుంది.

సంబంధం ఉంది. అది చాలా దగ్గరి సంబంధం. పక్షవాతాల్లో ఒక రకానికి మూలం మెదడులో కాక గుండెలో ఉంటుంది. గుండె లయ తప్పి కొట్టుకునే ఈ జబ్బును వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వయసు పైబడిన కొద్దీ ఇది పెరుగుతుంది. ఇది ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం లేనివారితో పోలిస్తే సుమారు ఐదు రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాల పాటు సాగిన పరిశీలన 1991లో తేల్చింది. 50 ఏళ్ల వయసు వారిలో వచ్చే పక్షవాతాల్లో ఈ లయ తప్పడం వల్ల వచ్చేవి నూటికి ఒకటి రెండుకు మించవు. అదే 80 ఏళ్లు దాటిన వారిలో దాదాపు నాలుగింట ఒక వంతుకు ఇదే కారణమని ఆ పరిశీలన పేర్కొంది. పైగా ఈ రకం పక్షవాతం మిగతా వాటికంటే తీవ్రంగా ఉంటుంది. మంచం పట్టేవారు, ప్రాణం పోగొట్టుకునేవారు ఇందులోనే ఎక్కువ.

తెలుగు నేలపై లెక్కలు కూడా ఆలోచింపజేసేవే. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో సంభవించిన మరణాలను పరిశోధకులు ఇంటింటికీ తిరిగి ఆరా తీయగా, దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే జరిగినట్లు తేలింది. వాటిలో గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానంగా ఉన్నాయి. పల్లెల్లో అంటురోగాలే ప్రాణాలు తీస్తాయన్న అభిప్రాయం అప్పటికే పాతబడిందన్నమాట. హైదరాబాద్‌లోని నిమ్స్ వైద్యులు 2002లో ప్రచురించిన నమోదు వివరాల ప్రకారం, రక్తనాళం పూడుకుపోయి వచ్చిన పక్షవాతాల్లో సుమారు పదింట ఒకటి గుండె నుంచి కొట్టుకొచ్చిన గడ్డ వల్ల వచ్చినదే.

కాలువలో నిలిచిన నీరు

గుండెలో పైన రెండు గదులు, కింద రెండు గదులు ఉంటాయి. పై గదులను కర్ణికలని, కింది గదులను జఠరికలని పాఠ్యపుస్తకాల్లో చదివినవారికి తెలుసు. మామూలుగా పై గదులు ఒక్కసారిగా ముడుచుకుని రక్తాన్ని కిందికి నెడతాయి. లయ తప్పినప్పుడు మాత్రం అవి ముడుచుకోవు, వణుకుతాయి. నిమిషానికి 350 నుంచి 600 సార్లు వరకు విద్యుత్ ప్రేరణలు పుట్టి గది గోడ అదురుతుందే తప్ప రక్తం ముందుకు సాగదు.

ఘనపూర్ ఆనకట్ట నుంచి వచ్చే మహబూబ్ నహర్ కాలువ కింద వ్యవసాయం చేసే రైతుకు దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. పారే నీటిలో పాచి పట్టదు. నీరు వదలడం ఆపినప్పుడు మలుపుల్లో, గుంటల్లో నిలిచిన చోటనే పాచి, మట్టి పేరుకుంటాయి. గుండెలోని ఎడమ కర్ణికకు చెవి ఆకారంలో ఒక చిన్న సంచి ఉంటుంది. లయ తప్పిన గుండెలో రక్తం నిలిచిపోయేది ముఖ్యంగా అక్కడే. కవాటాల జబ్బు లేనివారిలో పదింట తొమ్మిది గడ్డలు ఆ సంచిలోనే పుడతాయి. ఏదో ఒక క్షణాన ఆ గడ్డ ఊడి రక్తంతో పాటు పైకి కొట్టుకుపోయి మెదడులోని రక్తనాళానికి అడ్డుపడుతుంది. ఆ నాళంపై ఆధారపడిన మెదడు భాగం నిమిషాల్లో దెబ్బతినడం మొదలవుతుంది.

మన దేశంలో ఈ జబ్బుకు మరో ముఖం కూడా ఉంది. చిన్నతనంలో గొంతునొప్పి, కీళ్ల వాపులతో వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. కవాటం ఇరుకైపోవడంతో పై గది ఉబ్బి, నడి వయసులోనే లయ తప్పుతుంది. గుండె లయ తప్పిన రోగులపై దేశంలో జరిగిన నమోదులో దాదాపు సగం మందికి ఇలాంటి కవాట జబ్బు ఉన్నట్లు వెల్లడైంది. పాశ్చాత్య దేశాల్లో ఇది అరుదు. వారికి ఇచ్చే మందే వీరికీ చాలుతుందనుకోవడం పొరపాటు కావడానికి కారణం ఇదే. ఆ సంగతి మందుల దగ్గర వివరంగా చూద్దాం.

చేయి పట్టి చూస్తే చాలు

ఈ జబ్బుతో వచ్చిన చిక్కు, చాలామందికి ఇది ఉన్నట్లే తెలియకపోవడం. కొందరికి దడ, ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం ఉంటాయి. వయసు మీద పడింది కదా అని వాటిని ఎవరూ పట్టించుకోరు. మరికొందరికి ఏ లక్షణమూ ఉండదు. పక్షవాతమే మొదటి లక్షణంగా బయటపడుతుంది.

అయినా దీనిని పసిగట్టడానికి మొదట కావలసింది ఖరీదైన యంత్రం కాదు. మణికట్టు వద్ద, బొటనవేలి మొదలు కింద, రెండు మూడు వేళ్లు ఆనించి పూర్తిగా ఒక నిమిషం నాడి చూడాలి. ఆరోగ్యవంతుల నాడి గోడ గడియారంలా సమంగా ఉంటుంది. లయ తప్పినవారి నాడి ఒకసారి వెంటనే, ఒకసారి ఆగి, ఒకసారి బలంగా, ఒకసారి బలహీనంగా, ఏ వరుసా లేకుండా కొట్టుకుంటుంది. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించే అలవాటు వల్ల ఈ తేడా దొరకదు. ఇంట్లో రక్తపోటు చూసుకునే యంత్రాల్లో కొన్ని లయ తప్పితే గుర్తును చూపుతాయి. యంత్రం పాడైందని దానిని పక్కన పెట్టేవారు ఉన్నారు.

2007లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సందర్భంలో చెప్పుకోదగినది. 65 ఏళ్లు దాటినవారు ఏ పని మీద వచ్చినా నాడి పట్టి చూసి, అనుమానం ఉంటే ఈసీజీ తీసిన ఆస్పత్రుల్లో ఏడాదిలో నూటికి 1.63 మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడింది. అలా చూడని చోట అది 1.04 మాత్రమే. నాడి చూడటం తప్ప అక్కడ వేరే మాయ ఏమీ జరగలేదు. గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు రక్తపోటు, మధుమేహం చూస్తున్నారు. అదే కూర్చోబెట్టడంలో 65 దాటినవారి నాడిని మరో నిమిషం చూడటం అదనపు భారం కాబోదు. కూచన్‌పల్లి, సర్ధన వంటి గ్రామాల్లో చేతికర్ర పట్టుకుని వచ్చే వృద్ధులకు దీనివల్ల కలిగే మేలు తక్కువది కాదు.

నాడిలో తేడా కనిపిస్తే ఈసీజీ తప్పనిసరి. జబ్బును నిర్ధారించేది అదే. కొందరిలో లయ కొన్ని గంటలు తప్పి మళ్లీ సర్దుకుంటుంది. అలాంటప్పుడు ఒక్క ఈసీజీ బాగుందని నిశ్చింతగా ఉండరాదు. 24 గంటల పాటు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష అవసరం కావచ్చు. కవాటాలు ఎలా ఉన్నాయో తెలియడానికి ఎకో, కారణం వెతకడానికి థైరాయిడ్ పరీక్ష కూడా చేస్తారు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె లయ తప్పుతుంది.

ఎవరికి మందు అవసరం

లయ తప్పిన ప్రతివారికీ ఒకే స్థాయి ముప్పు ఉండదు. దానిని లెక్కించడానికి వైద్యులు పాయింట్ల పద్ధతిని అనుసరిస్తారు. వయసు 65 నుంచి 74 మధ్య ఉంటే ఒక పాయింటు, 75 దాటితే రెండు. అధిక రక్తపోటుకు ఒకటి, మధుమేహానికి ఒకటి, గుండె బలహీనతకు ఒకటి, గుండెపోటు వంటి రక్తనాళ జబ్బుకు ఒకటి. ఇదివరకే పక్షవాతం వచ్చి ఉంటే రెండు. మొత్తం రెండు లేదా అంతకు మించితే రక్తం గడ్డకట్టకుండా చేసే మందు వాడాలని, ఒకటి ఉంటే ఆలోచించాలని ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 75 ఏళ్లు దాటిన వృద్ధుడికి వయసు ఒక్కటే రెండు పాయింట్లు తెచ్చిపెడుతుందని గమనించాలి. కవాటం ఇరుకైనవారికి, కృత్రిమ లోహపు కవాటం అమర్చినవారికి ఈ లెక్కతో పని లేదు. వారు మందు వాడవలసిందే.

ఇక్కడే ఒక పాత అలవాటు అడ్డు వస్తోంది. వయసు పెద్దది, పడిపోతే రక్తస్రావం అవుతుంది, అందుకని ఆస్పిరిన్ చాలు అన్న మాట చాలాకాలం వినిపించింది. ఇప్పటికీ రోజుకొక చిన్న ఆస్పిరిన్ మాత్ర వేసుకుంటూ తమకు రక్షణ ఉందనుకునే వృద్ధులు ఎందరో. గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్ మంచి మందే. లయ తప్పిన గుండెలో గడ్డను ఆపడానికి మాత్రం అది సరిపోదు. వార్ఫరిన్ రకం మందు ఈ పక్షవాతాలను దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తే, ఆస్పిరిన్ తగ్గించేది ఐదింట ఒక వంతు మాత్రమే.

వృద్ధులకే ప్రత్యేకించి ఈ రెండింటినీ పోల్చిన పరీక్ష ఫలితం 2007లో వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 75 ఏళ్లు దాటిన 973 మందిపై జరిగిన ఆ పరీక్షలో, తీవ్రమైన పక్షవాతం వంటి ప్రమాదాలు ఆస్పిరిన్ వాడినవారిలో ఏడాదికి నూటికి 3.8 కాగా, వార్ఫరిన్ వాడినవారిలో 1.8 మాత్రమే. పెద్ద రక్తస్రావాలు రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానం. అంటే రక్తస్రావానికి భయపడి ఆస్పిరిన్ ఇచ్చినవారికి ఆ భయం తగ్గలేదు, రక్షణ మాత్రం సగమైంది. పడిపోతారన్న భయానికి కూడా లెక్క ఉంది. పడటం వల్ల మెదడులో రక్తస్రావమయ్యే ముప్పు వార్ఫరిన్ వల్ల కలిగే మేలును మించాలంటే ఆ మనిషి ఏడాదికి సుమారు 295 సార్లు పడాలని 1999లో పరిశోధకులు అంచనా వేశారు. అంతగా పడే వృద్ధుడు ఏ ఇంట్లోనూ ఉండడు. అయితే మెట్లకు పట్టుకొమ్మ, స్నానాల గదిలో జారని నేల, రాత్రి వేళ దీపం ఏర్పాటు చేయడం మాత్రం అవసరం.

పశువుల మేత నుంచి పుట్టిన మందు

వార్ఫరిన్ పుట్టుక రైతులకు ఆసక్తి కలిగించే కథ. 1920లలో అమెరికా, కెనడాల్లో పశువులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోసాగాయి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ అనే గడ్డి మేయడమే కారణమని పశువైద్యులు గుర్తించారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని నుంచి రూపొందిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషులకు ఔషధంగా అనుమతి పొందింది. ఎలుకల మందు ఇస్తున్నారన్న భయంతో మాత్ర మానేసేవారు ఈ సంగతి సగమే విన్నవారు. మోతాదే మందునూ విషాన్నీ వేరుచేస్తుంది.

మన వద్ద అదే కోవకు చెందిన ఎసినోకుమరాల్ మాత్రను ఎక్కువగా రాస్తారు. ఎసిట్రామ్ పేరుతో చాలామందికి పరిచయం. ధర తక్కువ. చిక్కల్లా మోతాదు అందరికీ ఒకటి కాకపోవడమే. అందుకే పీటీ ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష క్రమం తప్పకుండా చేయించాలి. సాధారణంగా ఆ అంకె 2 నుంచి 3 మధ్య ఉండాలి. రెండుకు తగ్గితే గడ్డకు అవకాశం, మూడు దాటి పెరిగే కొద్దీ రక్తస్రావానికి అవకాశం. లోహపు కవాటం ఉన్నవారికి వైద్యులు వేరే హద్దు పెట్టవచ్చు. మొదట వారానికోసారి, కుదుటపడ్డాక నెలకోసారి పరీక్ష అవసరమవుతుంది. వరి నాట్ల కాలంలో కూలి పోతుందని ఒక నెల, బస్సు దొరకలేదని మరో నెల పరీక్ష వాయిదా వేయడం పల్లెల్లో పరిపాటి. మాత్ర వేసుకుంటూ పరీక్ష మానడం కళ్లకు గంతలు కట్టుకుని బండి తోలడమే.

ఆకుకూరలు పూర్తిగా మానాలన్న ప్రచారంలో నిజం లేదు. పాలకూర, తోటకూర, గోంగూర, మెంతికూరల్లోని కె విటమిన్ ఈ మాత్ర ప్రభావాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఒక వారం రోజూ తిని, మరో వారం అసలు తినకపోవడం మంచిది కాదు. ఎప్పుడూ తినే మోతాదులో తింటే వైద్యుడు దానికి తగ్గట్టే మాత్రను సర్దుతారు.

2009 తరువాత కొత్త తరం మందులు వచ్చాయి. డాబిగాట్రాన్, రివరోక్సాబాన్, ఎపిక్సాబాన్ వాటిలో ముఖ్యమైనవి. వీటికి ఐఎన్ఆర్ పరీక్ష అక్కరలేదు, ఆకుకూరలతో పేచీ లేదు, మెదడులో రక్తస్రావం వార్ఫరిన్ కంటే తక్కువ. వార్ఫరిన్ సరిపడదని భావించిన 5,599 మందికి ఎపిక్సాబాన్‌ను, ఆస్పిరిన్‌ను ఇచ్చి పోల్చిన పరీక్ష ఫలితం 2011లో వెలువడింది. పక్షవాతం వంటివి ఆస్పిరిన్ వర్గంలో ఏడాదికి నూటికి 3.7, ఎపిక్సాబాన్ వర్గంలో 1.6. పెద్ద రక్తస్రావంలో చెప్పుకోదగిన తేడా లేదు. మొదట్లో వీటి ధర సామాన్యుడికి అందేది కాదు. పేటెంట్ల గడువు తీరి జనరిక్ మాత్రలు రావడంతో ఇటీవలి ఏళ్లలో బాగా దిగివచ్చింది.

అయితే వీటికీ షరతులు ఉన్నాయి. మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు నిర్ణయిస్తారు కనుక కనీసం ఏడాదికోసారి క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. వృద్ధులు మరింత తరచుగా చేయించాలి. రివరోక్సాబాన్‌ను భోజనంతోనే వేసుకోవాలి. డాబిగాట్రాన్ గొట్టాన్ని విప్పి పొడిని నీళ్లలో కలపరాదు. ఎపిక్సాబాన్ రోజుకు రెండుసార్లు తప్పనిసరి. రక్షణ ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది గనుక, మాత్రలు అయిపోయాక సంత రోజు వరకు ఆగుదామనుకోవడం కుదరదు. రుమాటిక్ జబ్బుతో కవాటం ఇరుకైనవారికి, లోహపు కవాటం ఉన్నవారికి ఈ కొత్త మందులు పనికిరావు. రుమాటిక్ రోగులపై 24 దేశాల్లో జరిగి 2022లో వెలువడిన పరీక్షలో రివరోక్సాబాన్ కంటే పాత రకం మందు వాడినవారిలోనే మరణాలు, పక్షవాతాలు తక్కువగా ఉన్నాయి. పక్కింటివారికి పనిచేసిందని మాత్ర మార్చుకునేవారు ఈ విషయం తెలుసుకోవాలి. బాగా బలహీనపడిన వృద్ధులు ఎసిట్రామ్ వంటి పాత మందుతో నిలకడగా ఉంటే, ఊరికే కొత్తదానికి మార్చడం వల్ల రక్తస్రావం పెరిగిందని 2023లో నెదర్లాండ్స్ అధ్యయనం తెలిపింది.

దడ తగ్గిందని మానరాదు

మాత్ర మానేయడానికి ధర, రక్తస్రావం మాత్రమే కారణాలు కావు. రోగికి ఏ తేడా కనిపించకపోవడమూ ఒక కారణం. తలనొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గినట్లు తెలుస్తుంది. ఈ మాత్ర వేసుకుంటే ఏమీ తెలియదు. రాని పక్షవాతాన్ని ఎవరూ చూడలేరు. దడ తగ్గడానికి ఇచ్చే మందు వేరు, గడ్డ కట్టకుండా ఇచ్చే మందు వేరు. మొదటిది పనిచేసి దడ తగ్గగానే రెండోదాన్ని కూడా మానేయడం తరచుగా జరిగే పొరపాటు. షాక్ ఇచ్చి లయను సరిచేసినా, అబ్లేషన్ చికిత్స చేయించుకున్నా, ముప్పు పాయింట్లు ఎక్కువ ఉన్నవారు గడ్డ మందును కొనసాగించవలసిందే.

పల్లెల్లో మరో ప్రమాదం మోకాళ్ల నొప్పుల రూపంలో ఉంది. నొప్పి భరించలేక డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి బిళ్లలు వేసుకోవడం, ఊళ్లోని ఆర్ఎంపీ వద్ద సూది వేయించుకోవడం మామూలే. గడ్డ మందు వాడేవారు ఇవి వేసుకుంటే కడుపులో రక్తస్రావం కావచ్చు. కండకు వేసే సూది వల్ల లోపల రక్తం గూడు కట్టవచ్చు. నొప్పికి పారాసిటమాల్ వంటివి వైద్యుని అడిగి వాడాలి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ గడ్డ మందు బలాన్ని తగ్గిస్తుంది. విరేచనాలకు విరివిగా వాడే మెట్రోనిడజోల్ ఎసిట్రామ్ బలాన్ని పెంచుతుంది. నాటు మందుల పొడుల్లో ఏముందో తెలియదు కాబట్టి వాటికి దూరంగా ఉండటమే మేలు. కల్లు, సారా సంగతీ అంతే. మద్యం గుండె లయను తప్పిస్తుంది, మనిషిని పడవేస్తుంది, మందు లెక్కను తారుమారు చేస్తుంది. పండుగకు కదా అనే మినహాయింపు గుండెకు తెలియదు.

రక్తపోటును అదుపులో ఉంచుకోవడం కూడా ఇందులో భాగమే. రక్తపోటు ఎక్కువైతే గడ్డ వల్ల వచ్చే పక్షవాతమూ పెరుగుతుంది, మందు వల్ల మెదడులో రక్తస్రావమయ్యే అవకాశమూ పెరుగుతుంది. పచ్చళ్లు, అప్పడాల్లోని ఉప్పును తగ్గించాలి.

మలం నల్లగా తారులా రావడం, మూత్రంలో ఎరుపు, చిగుళ్ల నుంచి ఆగని రక్తం, తలకు దెబ్బ తగలడం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఒక మాత్ర మరిచిపోతే మరుసటి వేళ రెండు కలిపి వేసుకోరాదు.

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా పక్షవాతం రావచ్చు. మూతి వంకరపోయినా, ఒక చేయి జారిపోయినా, మాట తడబడినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే సూది మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దానికి ముందు తలకు సీటీ స్కాన్ తీయాలి. మండల కేంద్రం నుంచి మెదక్ దగ్గరే అయినా, పెద్ద చికిత్సకు హైదరాబాద్ వెళ్లవలసి వస్తే సుమారు వంద కిలోమీటర్ల ప్రయాణం. పసరు కోసం వెచ్చించే ప్రతి గంట ఆ నాలుగున్నర గంటల్లోంచి పోతుంది. మింగుడు పడని స్థితిలో నోట్లో పోసే నీళ్లయినా, పసరయినా ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. లక్షణాలు పది నిమిషాల్లో వాటంతటవే తగ్గినా ఆస్పత్రికి వెళ్లాలి. పెద్ద పక్షవాతానికి అది ముందస్తు హెచ్చరిక కావచ్చు.

గడ్డ మందు వాడుతున్న వ్యక్తికి పక్షవాతం వస్తే, ఏ మాత్ర, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు అన్నది వైద్యుడు మొదట అడిగే ప్రశ్న. సూది మందు ఇవ్వవచ్చా లేదా అన్నది ఆ జవాబుపై ఆధారపడి ఉంటుంది. పిల్లలు పట్నంలో, ముసలివారు ఊళ్లో ఉండే ఇళ్లలో ఈ జవాబు చెప్పేవారే ఉండరు. మందు పేరు, మోతాదు, వేసుకునే వేళ, చివరి ఐఎన్ఆర్ అంకె, కొడుకు లేదా కూతురి ఫోన్ నంబరు తెలుగులో రాసిన చీటీని మాత్రల డబ్బాలోనే ఉంచి, ఆ డబ్బా ఎక్కడ ఉంటుందో పక్కింటివారికి చెప్పి ఉంచాలి. పన్ను తీయించుకునే ముందు, కంటి శస్త్రచికిత్సకు ముందు కూడా అదే చీటీని వైద్యునికి చూపాలి. మాత్రను ఎన్ని రోజులు ఆపాలో, అసలు ఆపాలో లేదో ఆయనే చెబుతారు.